నేపథ్యంలో నిలిచినవాని బాధ్యత

తెలుగులో 'ఆట' అన్న మాటకు ఉన్న వైశాల్యం గమనింపదగినది. పిల్లలు వీధిలో ఆడేది ఆట; పెద్దలు పాచికలతో ఆడేది ఆట; తోలుబొమ్మలను తెరమీద ఆడించడమూ ఆటే. నాటకాన్ని మనం 'ఆడుతాం'. సినిమాహాలులో మొదటి ఆట, రెండవ ఆట అనడం నేటికీ పోలేదు. క్రీడకూ ప్రదర్శనకూ ఒకే మాటను వాడుకున్న ఈ భాష మరొక పదంలోనూ అటువంటి పొదుపే చూపింది. 'సూత్రం' అంటే దారం, నియమమన్నా సూత్రమే. బొమ్మల దారాలు పట్టుకున్నవాడూ, నాటకాన్ని నడిపించేవాడూ సూత్రధారే. ఇక 'నేపథ్యం' అన్నది మొదట నటులు వేషం కట్టుకునే తెరవెనుక చోటు. కాలక్రమాన ఏ విషయానికైనా వెనుక ఉన్నదంతా నేపథ్యమే అయింది.

ఈ మూడు మాటలనూ ఒకచోట చేర్చి చూసినప్పుడు ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఆడేవాడు అందరికీ కనిపిస్తాడు, ఆడించేవాడు కనిపించడు. నియమం వ్రాసినవాడూ, తెరవెనుక నుంచి చప్పుడు చేసేవాడూ ప్రేక్షకుని కంట పడరు. అయినా ఆటలో జరిగే మంచిచెడ్డలలో అధికభాగం వారి చేతిమీదుగానే జరుగుతుంది. కనిపించనివాని బాధ్యత ఎంత? కనిపించేవాని బాధ్యతకంటె అది తక్కువదా, ఎక్కువదా?

ఈ ప్రశ్న నాకు గ్రంథాలు చదువుతూ తట్టినది కాదు. దక్షిణ అండమాన్‌లోని ఫెరార్గంజ్‌కు చెందిన ఒక విద్యార్థిని మాటలలోంచి వచ్చింది. ఆమె తండ్రి నాకు సహోద్యోగి. తాత శ్రీకాకుళం తీరం నుంచి కూలిపనికై ఓడెక్కి వచ్చి, అడవి నరికే ముఠాలలో పనిచేసి, ఇక్కడే స్థిరపడినవాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ ద్వీపాలలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి సుమారు పదమూడుగురు. అందులో ఇటువంటి కుటుంబాలు అనేకం. ఆ అమ్మాయి పై చదువుకై ప్రధాన భూభాగానికి వెళ్లి క్రీడా రూపకల్పన, అంటే గేమ్ డిజైన్, ముఖ్య విషయంగానూ, రంగస్థల ధ్వని రూపకల్పన అనుబంధ విషయంగానూ తీసుకున్నది. ఈ రెండింటికీ పొత్తేమిటని ఊరిలో చాలామంది అడిగారు. నేనూ అడిగాను. "రెండింటిలోనూ మనం కనబడకూడదు, బాబాయిగారూ. కనబడితే పని చెడినట్లే" అన్నది. ఆ మాటలో ఉన్న గర్వం, ఆమె చదువు సాగినకొద్దీ భయంగా మారిన తీరే ఈ వ్యాసానికి ఆధారం.

క్రీడా రూపకల్పన అనగానే మనకు కంప్యూటరు గుర్తుకు వస్తుంది. అయితే ఆమె మొదటి పాఠాలలో కంప్యూటరే లేదు. అట్టముక్క, కత్తెర, పాచిక, రంగు గింజలు ఇచ్చి ఒక ఆట తయారుచేయమన్నారు. నియమాలు కుదిరాయో లేదో కాగితంమీదే తేల్చుకోవాలని, యంత్రం తర్వాతి మాట అని ఆ విద్యలోని పద్ధతి. ఆ తర్వాత పరీక్ష. తయారైన ఆటను తోటివారు ఆడుతుండగా తయారుచేసినవారు పక్కన కూర్చుని చూడాలి. ఒక్క మాట మాట్లాడరాదు. వారు తప్పుగా అర్థం చేసుకున్నా సరిదిద్దరాదు. ఎందుకంటే రేపు ఆ ఆట ఎక్కడెక్కడికో పోతుంది. ప్రతి ఇంటికీ పోయి వివరించడానికి కర్త వెంట ఉండడు. నియమమే మాట్లాడాలి.

ఆమె తన ఊరినే ఆటగా చేసింది. అట్టమీద గళ్లు గీసి, అడవి గళ్లకు పచ్చరంగు వేసింది. నాలుగు కుటుంబాలు ఓడ దిగుతాయి. తమ వంతు వచ్చినప్పుడు చెట్లు కొట్టవచ్చు, వరి నాటవచ్చు, ఇల్లు కట్టవచ్చు. చదును చేసిన ప్రతి గడికీ ఒక గింజ వస్తుంది. ఎక్కువ గింజలు ఉన్నవారు గెలిచినట్లు. తాత చెప్పిన కష్టాలను స్మరించుకుని, ఎంతో అభిమానంతో చేసిన ఆట అది. నలుగురు సహాధ్యాయులు ఆడటానికి కూర్చున్నారు. అరగంట గడిచేసరికి అట్టమీద ఒక్క పచ్చ గడి కూడా మిగలలేదు. నడుమ ఒక అబ్బాయి తల ఎత్తి, "అడవిని ఉంచుకుంటే ఏమొస్తుంది?" అని అడిగాడు. ఆమె మాట్లాడకూడదు. మాట్లాడవచ్చునన్నా చెప్పడానికి ఏమీ లేదు. తన నియమాలలో నిలిచి ఉన్న చెట్టుకు విలువ సున్న.

"నేను ఎవరినీ దురాశపడమని చెప్పలేదు. వాళ్లు కూడా దురాశాపరులు కారు. నియమం ఎటు వాలితే అటు దొర్లారు" అన్నది ఆ సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు.

చరిత్ర విద్యార్థిగా ఈ మాట నన్ను ఆపివేసింది. వలస ప్రభుత్వపు భూమి లెక్కలలో సాగులో లేని నేలకు పెట్టిన పేరు బంజరు. అందులో చెట్టున్నా, నీరున్నా, మనుషులున్నా ఆ గడిలో వ్రాసింది మాత్రం బంజరే. స్వాతంత్ర్యానంతరం 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలను తెచ్చి ఈ దీవులలో భూములిచ్చి స్థిరపరచారు. సర్వం కోల్పోయి వచ్చిన ఆ కుటుంబాలను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. ఆకలితో వచ్చినవానికి గొడ్డలి ఇచ్చి, నరికినంత నీదని నియమం పెడితే అతడు నరుకుతాడు. అతని చేయి కనిపిస్తుంది. ఆ నియమం వ్రాసిన కలం కనిపించదు.

ఇక ధ్వని సంగతి. నాటకంలో చప్పుడు చేయడం మనకు కొత్త విద్య కాదు. తోలుబొమ్మలాటవారు కాళ్లకింద చెక్కపలకలు పెట్టుకుని, యుద్ధఘట్టం వచ్చినప్పుడు వాటిని తొక్కి రణధ్వని పుట్టించేవారు. రేకును ఊపితే ఉరుము. చేటలో గింజలు దొర్లిస్తే వాన. రెండు కొబ్బరిచిప్పలు తాటిస్తే గుర్రపు డెక్కలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టి, ఆ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్న సురభి నాటకసమాజాలు తెరవెనుక పనితనానికే ప్రసిద్ధికెక్కాయి. నేటి విద్యార్థికి రేకు బదులు కంప్యూటరు, చేట బదులు మైకు వచ్చాయి. పని మాత్రం అదే.

ఆమెకు మొదట ఇచ్చిన అభ్యాసం కళ్లు మూసుకుని గంటసేపు కూర్చుని, వినిపించిన ప్రతి చప్పుడునూ వ్రాయడం. పది నిమిషాలు గడిచాక ఫ్యాను చప్పుడు వినబడటం మానేసిందట. ఫ్యాను ఆగలేదు, చెవి దానిని నేపథ్యంలోకి తోసివేసింది. రెండవ అభ్యాసం మరింత విచిత్రమైనది. ఒక మనిషి తలుపు తీసుకుని గదిలోకి వస్తాడు, అటూ ఇటూ చూస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు. అంతే దృశ్యం. దానికి ఇష్టమైన ధ్వని చేర్చమన్నారు. ఆమె ఒక సన్నని, మంద్రమైన హోరును, వినీ వినబడనంత మెల్లగా చేర్చింది. చూసినవారందరూ ఆ వచ్చినవాడు దొంగ అన్నారు. హోరు ఉన్నదని వారిలో ఒక్కరూ గమనించలేదు.

"అతను దొంగ కాదు, బాబాయిగారూ. నేనే దొంగను చేశాను. ఎవరికీ తెలియలేదు" అన్నది.

ఫెరార్గంజ్‌లో కూర్చుని ఈ మాట వింటే దాని అర్థం మారిపోతుంది. ఈ ఊరికి ఆ పేరు 1923 నుంచి 1931 వరకు ఈ దీవులకు చీఫ్ కమిషనర్‌గా ఉన్న మైకేల్ లాయిడ్ ఫెరార్ వలన వచ్చింది. 1920ల నడిమికాలంలో యునైటెడ్ ప్రావిన్సెస్ నుంచి భాంటూ కుటుంబాలను తెచ్చి స్థిరపరచిన ఊళ్లలో ఇదొకటి. వారిలో అందరూ ఏదో నేరం చేసి శిక్షపడినవారు కారు. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం, ఆ తర్వాత 1924లో వచ్చిన చట్టం, కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించాయి. పుట్టిన పసిబిడ్డ వెనుక ఆ హోరు అప్పటికే మ్రోగుతూ ఉంటుంది. బిడ్డ ఏమి చేసినా, చేయకపోయినా, చూసేవారికి దొంగగానే కనిపిస్తాడు.

తెలుగు పాఠకులకు ఇది పరాయి కథ కాదు. 1913లో నేటి బాపట్ల జిల్లాలో ఎరుకలవారికై ఏర్పరచిన స్టువర్టుపురం ఇటువంటిదే. అదీ ఒక దొర పేరు పెట్టుకున్న ఊరే. మద్రాసు ప్రభుత్వపు హెరాల్డ్ స్టువర్ట్ పేరది. సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో సాగిన సెటిల్మెంటు అది. 1952లో ఆ చట్టం పూర్తిగా రద్దయింది. అయితే నియమం పోయినంత సులభంగా నేపథ్యధ్వని పోలేదు. 1991లో ఆ ఊరి పేరుతోనే రెండు తెలుగు చలనచిత్రాలు వచ్చాయి. ఒకదాని పేరులో పోలీస్ స్టేషన్, మరొకదాని పేరులో దొంగలు ఉన్నారు. ఆ ఊరి పిల్లలు బడిలోనూ, ఉద్యోగాల ఇంటర్వ్యూలలోనూ తమ ఊరిపేరు చెప్పినప్పుడు ఎదుటివారి చెవిలో ఏ హోరు మ్రోగుతుందో ఊహించడం కష్టం కాదు.

ధ్వనికి నియమంకంటె ఒక ఎక్కువ బలం ఉన్నదని ఇక్కడ గుర్తించాలి. నియమాన్ని చదివి ప్రశ్నించవచ్చు, న్యాయస్థానంలో సవాలు చేయవచ్చు. చప్పుడుతో వాదించడం ఎవరికీ సాధ్యం కాదు. ద్రోణుని వధ ఘట్టాన్ని మన పౌరాణికులు చెప్పే తీరు గుర్తుచేసుకుందాం. అశ్వత్థామ చచ్చెనన్న మాటను ధర్మరాజు గట్టిగా పలికాడు. చచ్చినది ఏనుగన్న మాటను మెల్లగా పలికాడు. ఆ మెల్లని మాటను శంఖధ్వని మ్రింగివేసింది. పలికిన మాటలలో అబద్ధం లేదు. అబద్ధం వాటి స్థాయిలో ఉన్నది. ధర్మరాజు రథం అప్పటివరకు నేలకు నాలుగంగుళాలు పైన నడిచేదనీ, ఆనాటితో నేలకు దిగిందనీ కూడా ఆ కథలో ఉన్నది. అంటే ఏ మాటను ఎంత గట్టిగా వినిపించాలన్న నిర్ణయాన్ని కూడా మన పూర్వులు ధర్మాధర్మాల లెక్కలోనే వేశారు. శంఖం ఊదినవాని సంగతి ఏమిటన్న ప్రశ్నను మాత్రం కథ అంతగా ముందుకు తేలేదు. మన ప్రశ్న సరిగ్గా ఆ శంఖం ఊదినవానిని గూర్చినదే.

అయితే కళలో ఎప్పుడూ ఏదో ఒకటి గట్టిగా, ఏదో ఒకటి మెల్లగా వినిపించక తప్పదు కదా అని ఆక్షేపించవచ్చు. అన్నీ సమానంగా మ్రోగితే అది రొద అవుతుంది. ఏ నియమమూ లేని ఆట ఆటే కాదు. నిజమే. కాబట్టి కనిపించనివాడు తన శక్తిని వాడరాదని ఎవరూ అనలేరు. వాడే ముందు తనను తాను ఏ విధంగా పరీక్షించుకోవాలన్నదే విచారించవలసిన విషయం.

ఇందుకు మన పాత ఆట ఒకటి దారి చూపుతుంది. పులిజూదం లేదా పులిమేక ఆటను ఎరుగని పల్లె ఉండేది కాదు. గుడి అరుగుల మీద, సత్రాల రాతిపలకల మీద దాని గీతలు నేటికీ కనిపిస్తాయి. మూడు పులులు, పదిహేను మేకలు. ఇరుపక్షాలకూ నియమాలు వేరు. పులి దూకి చంపగలదు; మేక చంపలేదు, గుంపుగా చేరి దారి మూయగలదు. ఇది అసమానమైన ఆట. అయినా పిల్లలు దానిని అన్యాయమనుకోరు. కారణం ఒకటే. ఒక ఆట అయ్యాక పక్షాలు మార్చుకుంటారు. ఇందాక పులి ఆడినవాడు ఇప్పుడు మేక ఆడాలి. మేకగా ఆడినప్పుడే పులి దూకుడు ఎంతదో తెలుస్తుంది. జీవితంలోని ఆటలలో పక్షాలు మారవు. చట్టం వ్రాసినవారి బిడ్డ ఏనాడూ నేరస్థజాతి బిడ్డగా పుట్టలేదు. కనుక నియమకర్త కనీసం ఊహలోనైనా మేకపక్షాన కూర్చుని ఒక ఆట ముగిసేవరకు ఆడి చూడాలి. ధ్వనికర్తకూ ఇటువంటి ఆచారమే ఉన్నది. నాటకానికి ముందు అతడు తన యంత్రం వద్ద కూర్చుని సరిపోయిందనుకోరాదు. చివరి వరుసలో, మూల కుర్చీలో, స్తంభం వెనుక కూర్చుని వినాలి. ఆ అమ్మాయికి గురువు మొదట నేర్పిన క్రమశిక్షణ ఇదేనట.

ఈ పరీక్ష ఎక్కడ చాలదో కూడా చెప్పాలి. ఎదుటి పక్షం మనతో ఆడటానికి ఒప్పుకోకపోతే ఏం చేయాలి? ఆమె చదువులో అసలైన చిక్కు ఇక్కడే వచ్చింది.

ఫెరార్గంజ్ దాటి ఉత్తరంగా వెళితే జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రం వస్తుంది. అక్కడినుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు జారవాల రక్షిత ప్రాంతం గుండా పోతుంది. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధన వారి నేలకు కాపలా. 1997 వరకు వారు బయటివారిని చాలావరకు దరిచేరనీయలేదు. ఆ తర్వాతనే కొందరు తమంతట తాము రాసాగారు. ఆ రహదారిలోని కొన్ని భాగాలను మూసివేయవలసిందిగా 2002లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా వాహనాలు నేటికీ నిర్ణీత వేళలలో కాన్వాయ్‌గా ఆ దారిన పోతున్నాయి. ఆపరాదు, ఫొటో తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు అన్నవి నియమాలు. 2012 జనవరిలో జారవా స్త్రీల చేత తిండి ఆశచూపి నృత్యం చేయిస్తున్న వీడియో ఒకటి పత్రికలకెక్కి దేశమంతటా దుమారం రేపింది. తెరమీద కనిపించింది ఆ స్త్రీలు. ఆడమని పురమాయించిన గొంతు కెమెరా వెనుకనుంచి వినిపించిందని వార్తలు వచ్చాయి. నేపథ్యంలో నిలిచినవాని బాధ్యతకు ఇంతకంటె కటువైన ఉదాహరణ నాకు తెలియదు.

ఆమె కళాశాలలో కాలాపానీ ఖైదీల జీవితంపై ఒక నాటకం వేశారు. ధ్వని బాధ్యత ఈమెది. ఖైదీ ఒకడు పారిపోయి అడవిలో దారి తప్పే దృశ్యం ఉన్నది. "నువ్వు అండమాన్ దానివే కదా, అక్కడి ఆదివాసుల పాటో అరుపో ఏదైనా తెచ్చి వెనుక వెయ్యి. ఇంటర్నెట్‌లో దొరుకుతుంది" అని దర్శకత్వం వహిస్తున్న విద్యార్థి సూచించాడు. దొరుకుతుంది, నిజమే. ఆ దొరికేది ఎటువంటి ప్రయాణాలలో, ఏ నియమాలను మీరి చిత్రించినదో ఆమెకు తెలుసు. ఆ గొంతులను ఖైదీ భయానికి నేపథ్యంగా వేస్తే అవి మళ్లీ ఆ మంద్రమైన హోరే అవుతాయి. చూసేవారు అడవిలోని మనుషులకు భయపడతారు; ఆ మనుషులకు ఖైదీల గొలుసులతో గానీ జైలుతో గానీ ఏ సంబంధమూ లేదు. ఆమె వేయనన్నది. దాని బదులు ఫెరార్గంజ్‌లో తమ ఇంటి రేకుకప్పుపై పడే వానను సెలవులలో తానే రికార్డు చేసి తెచ్చి, ఆ దృశ్యమంతా వాన కురిపించి, చివరన ఒక్కసారిగా ఆపివేసింది. నలభై క్షణాల నిశ్శబ్దం.

ఆ ప్రయోగం గొప్ప విజయం సాధించిందని వ్రాస్తే అది అసత్యమవుతుంది. ప్రేక్షకులలో కొందరు స్పీకర్లు పాడయ్యాయనుకున్నారు. దర్శకునికి కోపం వచ్చింది. తర్వాతి నాటకానికి ఆమెను పిలవలేదు. నైతిక నిర్ణయాలు సాధారణంగా చప్పట్లు తెచ్చిపెట్టవు. తెరవెనుక నిలిచినవాడు చేయని పనిని మెచ్చుకునేవారు మరీ అరుదు. వేసిన చప్పుడు వినబడుతుంది. వేయని చప్పుడు ఎవరికి వినబడుతుంది?

అట్ట ఆటలో ఆమెకు ఎదురైన చిక్కు ఇంతకంటె జటిలమైనది. నాటకంలో చేసినట్లే ఆటలోనూ జారవాలను పావులుగా పెట్టరాదని నిశ్చయించుకున్నది. అవతలివారి అనుమతి లేకుండా వారిని మన చేతితో నడపడం తప్పని ఆమె వాదన. గురువు ఒప్పుకోలేదు. "వాళ్లను తీసేస్తే నీ పటంలో అడవి ఖాళీ అయిపోతుంది. దొరల పటాలు చేసిందీ అదే కదా" అన్నారాయన. ఈ అభ్యంతరం బలమైనది. చూపించడం ఒక రకం అపచారమైతే, లేరన్నట్లు చేయడం మరొక రకం అపచారం. బంజరు అని వ్రాసిన కలమే నిశ్శబ్దం పేరుతో తిరిగి వచ్చినట్లవుతుంది.

ఆమె చివరకు చేసిన మార్పు ఇది. అట్టమీద ఒక భాగాన్ని పచ్చగానే ఉంచి, అందులో గళ్లు గీయలేదు. గళ్లు లేనిచోట ఎవరి పావూ అడుగుపెట్టలేదు. అయితే ఆ భాగం అంచున చెట్టు కొట్టిన ప్రతిసారీ నలుగురి బావులలోనూ నీరు ఒక మెట్టు తగ్గుతుంది. అక్కడ ఎవరున్నారో, ఎందుకిలా జరుగుతుందో నియమాల పత్రంలో వ్రాయలేదు. ఆడేవారు కొంతసేపటికి తమకు తెలియని జీవితం ఒకటి అక్కడ ఉన్నదనీ, దానితో తమ జీవితం ముడిపడి ఉన్నదనీ గ్రహిస్తారు. గురువు దీనితో పూర్తిగా సమాధానపడలేదు. మనుషులను నీటిలెక్కగా మార్చావన్నారు. ఆమెకూ పూర్తి తృప్తి లేదు. నాకూ ఆ విమర్శలో సత్యం ఉన్నదనే తోస్తుంది. అయినా మొదటి అట్టకూ ఈ అట్టకూ నడుమ ఒక మనస్సు నడిచిన దూరం తక్కువది కాదు.

ఇక్కడ మరొక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. పరాయి గొంతును తాకరాదని అందరూ మౌనం పాటిస్తే, నశించిపోతున్న భాషలు, పాటలు ఎలా నిలుస్తాయి? గ్రేట్ అండమానీస్ భాషలలో ఒకటైన అకా-బో మాట్లాడగల చివరి మనిషిగా పేరొందిన బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించింది. భాషాశాస్త్రవేత్త అన్వితా అబ్బి ఆమె మాటలనూ పాటలనూ అంతకుముందే రికార్డు చేసి ఉండకపోతే ఆ భాష ధ్వని లోకానికి మిగిలేది కాదు. కాబట్టి మైకు పట్టుకోవడమే పాపమనడం సరికాదు. భేదం మరొకచోట ఉన్నది. అక్కడ చెప్పేవారికి తాము చెబుతున్నామని తెలుసు. వినేవారు పేరుపేరునా తెలుసు. రికార్డయిన గొంతు ఆమె గొంతుగానే, ఆమె పేరుతోనే నిలిచింది. మరొకని భయానికి వెనుక హోరు కాలేదు. ఆ గొంతుకు నేపథ్యం నుంచి రంగస్థలం మీదికి చోటు దొరికింది. రోడ్డుపక్క వీడియోలో జరిగినది దీనికి పూర్తిగా విరుద్ధం. అనుమతి, పేరు, గొంతును నిలిపిన చోటు, ఈ మూడింటిని విచారించకుండా ధ్వనికర్త తన బాధ్యత తీరిందనుకోరాదు.

ఇంతవరకు ఒక విద్యార్థిని పాఠాలను గూర్చి వ్రాశాను. ప్రభుత్వోద్యోగిగా నా పాఠమూ చెప్పకపోతే ఈ వ్యాసంలోనే నేను తెరవెనుక దాక్కున్నట్లవుతుంది.

కొన్నేళ్ల క్రితం ఒక కార్యాలయంలో దరఖాస్తు నమూనా తయారుచేసే పని నాకు వచ్చింది. అందులో 'స్వస్థలం' అన్న గడి పెట్టాను. ప్రధాన భూభాగంలో పుట్టిపెరిగిన నాకు అది ఎంతో సహజమైన ప్రశ్న. ఆ గడి నింపనిదే దరఖాస్తు స్వీకరించరాదని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యాన్ని తర్వాత మరచిపోయాను. ఆ అమ్మాయి తన పరీక్షల సంగతి చెప్పిన తర్వాత, నేను తయారుచేసిన ఆటను ఎవరైనా ఆడుతుండగా ఒక్కసారైనా చూశానా అన్న సందేహం కలిగింది. ఒక రోజు సెలవుపెట్టి, ఆ దరఖాస్తులు తీసుకునే కిటికీ పక్క బల్లమీద, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాను.

పదకొండు గంటల వేళ ఒక వృద్ధుడు వచ్చాడు. ఖైదీల సంతతివారిని ఈ దీవులలో లోకల్ బార్న్ అంటారు, ఆయన వారిలోనివాడు. అన్ని గళ్లూ నింపి, స్వస్థలం గడి దగ్గర ఆగిపోయాడు. గుమాస్తా విసుగు లేకుండానే అడిగాడు, ఏ ఊరని. పుట్టింది ఇక్కడేనన్నాడు ఆయన. అది జన్మస్థలం, పై గడిలో వ్రాశారు, స్వస్థలం ఏదని మళ్లీ అడిగాడు గుమాస్తా. "మా తాతను ఏ ఊరినుంచి తెచ్చారో మాకు ఎవరూ చెప్పలేదు బాబూ" అని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. గుమాస్తా తప్పేమీ లేదు. అతడు నియమం పాటించాడు. ఆ గదిలో తప్పు చేసినవాడు ఒక్కడే ఉన్నాడు. అతడు బల్లమీద కూర్చుని ఉన్నాడు, ఎవరికీ కనిపించలేదు.

లేచి వెళ్లి ఆయనను ఆపలేకపోయాను. మౌనంగా చూడాలన్న నియమాన్ని పాటించానని నాకు నేను చెప్పుకోవచ్చు గానీ, అది సాకు మాత్రమే. మరునాడు ఆ గడిని తొలగించమని ప్రతిపాదన వ్రాశాను. కొన్ని నెలల తర్వాత అది ఆమోదం పొందింది. ఆ పెద్దమనిషి మళ్లీ వచ్చాడో లేదో తెలుసుకునే ప్రయత్నం చేశాను, తెలియలేదు.

మొదటి ప్రశ్నకు తిరిగి వస్తే, కనిపించనివాని బాధ్యత కనిపించేవాని బాధ్యతకంటె ఎక్కువదనే నా అభిప్రాయం. నటుడు తప్పు చేస్తే ప్రేక్షకుడు చూస్తాడు, ఈల వేస్తాడు, సరిదిద్దుతాడు. ఆటగాడు తప్పు చేస్తే ఎదుటివాడు పట్టుకుంటాడు. సూత్రం పట్టుకున్నవానిని పట్టుకునేవారు లేరు. బయటినుంచి వచ్చే దిద్దుబాటు ఎంత తగ్గితే లోపలినుంచి రావలసిన దిద్దుబాటు అంత పెరగాలి. అందుకు ఏ మహత్తర సిద్ధాంతమూ అక్కరలేదు. మేకపక్షాన ఒక ఆట ఆడటం, చివరి వరుసలో కూర్చుని వినడం, మనం వ్రాసినది ఇతరులు ఆడుతుండగా నోరు మూసుకుని చూడటం, చూసినదానికి తర్వాత నోరు విప్పడం. చివరిది మరచిపోతే ముందు మూడూ వృథా.

ఆ అమ్మాయి ఈ ఏడు చదువు ముగించుకుని వస్తున్నది. తన అట్ట ఆటను ఫెరార్గంజ్ పిల్లలచేత ఆడించి చూడాలని కోరిక. ఆ పిల్లలలో శరణార్థుల మనుమలుంటారు, భాంటూల మునిమనుమలుంటారు, శ్రీకాకుళం కూలీల మనుమలూ ఉంటారు. గళ్లు లేని ఆ పచ్చని చోటు దగ్గర వారు ఏమి అడుగుతారో వినాలని నేనూ వెళ్లి ఒక మూల కూర్చోదలచుకున్నాను.